ఊపిరి బిగపట్టొద్దు: కడప నుంచి వెళ్లి ఆక్టోపస్‌లను, స్క్విడ్‌లను, సొరచేపలను చూసి రావడం ఎలా

ప్రొద్దుటూరు పక్క పల్లెలో మా జేజి వాళ్ల బావిలో నేను ఈత నేర్చుకున్నాను. వీపుకు ఎండిన సొరబుర్ర కట్టి మా మామ బావిలోకి దించేవాడు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలందరికీ రెండే పందేలు. ఒకటి, మెట్టు మీద నుంచి వేసిన రాయిని బావి అడుగు నుంచి తేవడం. రెండోది, నీళ్లలో ఎక్కువసేపు ఊపిరి బిగపట్టడం. రెండింట్లోనూ నాదే గెలుపు. ఆ ధైర్యంతోనే చాలా ఏళ్ల తర్వాత అండమాన్‌లో మొదటిసారి స్కూబా ట్యాంకు (నీళ్లలో పీల్చడానికి గాలి నింపిన సీసా) వీపున వేసుకున్నాను. ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన మొదటి మాటే నా బావి చదువును తలకిందులు చేసింది: "నీళ్లలో ఎప్పుడూ ఊపిరి బిగపట్టొద్దు."

ఇప్పుడు కడప, అనంతపురం, కర్నూలు నుంచి స్నేహితులు, వాళ్ల స్నేహితులు ఫోన్ చేసి అడుగుతుంటారు. "అన్నా, ఆ వీడియోల్లో కనిపించే పెద్ద ఆక్టోపస్‌ను చూడాలంటే ఏం చేయాలి? భయం లేదా?" ఒక్కొక్కరికీ చెప్పేది ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. ఏది ఎక్కడ ఉంటుందో ముందు తెలుసుకోండి

వీడియోల్లో డైవర్ చేతికి చుట్టుకునే భారీ ఆక్టోపస్ మన సముద్రాల్లో ఉండదు. అది జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్. జపాన్ నుంచి అలాస్కా మీదుగా కెనడా, అమెరికా పశ్చిమ తీరం దాకా చల్లటి నీళ్లలో బతుకుతుంది. పెద్దవి 50 కిలోల దాకా పెరుగుతాయి, చేతులు చాపితే ఆ కొస నుంచి ఈ కొసకు 4 మీటర్లు దాటుతుంది. అంత పెరిగినా దాని ఆయుష్షు మూడు నుంచి అయిదేళ్లే.

హంబోల్ట్ స్క్విడ్ ఇంకా దూరం. మెక్సికో, పెరూ వైపు పసిఫిక్‌లో గుంపులు గుంపులుగా తిరుగుతుంది, రాత్రిళ్లు పైకి వస్తుంది, చేతుల మీది అంటుకునే బుడిపెలకు పళ్లలాంటి వలయాలు ఉంటాయి. దాని జోలికి వెళ్లేది చాలా అనుభవం ఉన్నవాళ్లే. జెయింట్ స్క్విడ్ అయితే డైవర్‌కు కనపడటమే ఒక వింత. సముద్రంలో బతికున్నదాన్ని 2004లో జపాన్ శాస్త్రవేత్తలు మొదటిసారి ఫొటో తీశారు. 2015 డిసెంబర్‌లో ఒకటి జపాన్ టొయామా తీరానికి వస్తే ఒక డైవర్ దాని పక్కన ఈదాడు. కొలోసల్ స్క్విడ్‌ను దాని సొంత లోతుల్లో వీడియో తీయడం 2025లో కానీ కుదరలేదు, అది కూడా ముప్పై సెంటీమీటర్ల పిల్ల.

మరి మనకు దొరికేదేమిటి? చాలానే ఉంది. అండమాన్, లక్షద్వీప్ పగడపు దిబ్బల మీద డే ఆక్టోపస్ ఉంటుంది. చాలా ఆక్టోపస్‌లు రాత్రి తిరిగితే ఇది పగలు వేటాడుతుంది, అందుకే కొత్త డైవర్‌కు ఇదే మంచి నేస్తం. రీఫ్ స్క్విడ్‌లు ఉంటాయి. కటిల్‌ఫిష్ ఉంటుంది. కటిల్‌ఫిష్‌ను మీరు ఇప్పటికే ఒక రకంగా చూసి ఉంటారు: మూలికల అంగట్లో 'సముద్రపు నురుగు' అని అమ్మే తెల్లటి తేలికైన పలక దాని ఒంట్లోని ఎముకే. ఇక పాములాంటి మోరే ఈల్, పొడవాటి వేట చేప బారాకుడా, రీఫ్ సొరచేపలు సరేసరి.

2. ఇంటి దగ్గరే చేయాల్సిన పని

అడుగు ఆనని నీళ్లలో 200 మీటర్లు ఆగకుండా ఈదగలగాలి, పది నిమిషాలు ఏ ఆధారమూ లేకుండా తేలగలగాలి. డైవర్ల మొదటి కోర్సు అయిన ఓపెన్ వాటర్ కోర్సులో అడిగేది ఇదే. వేగం ఎవరూ చూడరు. దీనికి ఊళ్లో ఈతకొలను చాలు. కేసీ కాలువలోనో, సుంకేసుల దగ్గర తుంగభద్రలోనో సాధన చేద్దామనుకోకండి. పారే నీళ్లు నేర్పే చోటు కాదు.

బావి ఈతగాళ్లకు ఒక హెచ్చరిక. మనం పైన గాలి పీల్చుకుని బావి అడుగుకు వెళ్లి వస్తాం. ఊపిరితిత్తుల్లో ఉన్నది పైనుంచి తెచ్చుకున్న గాలే, పైకి వచ్చాక మళ్లీ అంతే ఉంటుంది. స్కూబాలో అలా కాదు. 10 మీటర్ల లోతులో పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరి బిగపట్టి పైకి లేస్తే ఊపిరితిత్తి చిరిగిపోవచ్చు, ప్రాణం పోవచ్చు. పెద్ద జీవి ఎదురైనప్పుడు మన ఒళ్లు మొట్టమొదట చేసే పని ఊపిరి బిగపట్టడమే. కాబట్టి ఈ అలవాటును ఇంటి దగ్గరే మానాలి. కొలనులో స్నార్కెల్ (నీటి పైనుంచి గాలి పీల్చే గొట్టం) పెట్టుకుని తల ముంచి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం. రోజూ పావుగంట. నేను నెల రోజులు చేశాను.

బావి అడుగున చెవి నొప్పి పుట్టడం గుర్తుందా? సముద్రంలో ఆ నొప్పి దాకా రానివ్వకూడదు. దిగేటప్పుడు ప్రతి మీటరుకూ ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవులు వదులు చేసుకోవాలి. జలుబు ఉంటే ఆ రోజు డైవ్ లేదు. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే బయల్దేరక ముందే డాక్టర్ చేత రాయించుకోండి. అక్కడ ఇచ్చే ఆరోగ్య ఫారంలో అబద్ధం రాసి టెన్షన్‌తో నీళ్లలోకి దిగడం కన్నా పెద్ద తప్పు ఇంకోటి లేదు.

3. ఎక్కడికి, ఎలా

అండమాన్‌లో హావ్‌లాక్ (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) నా మొదటి ఎంపిక. కడప వాళ్లకు చెన్నై దగ్గర, కర్నూలు వాళ్లకు హైదరాబాద్. అక్కడి నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు), ఆపైన ఫెర్రీ. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు తేటగా ఉంటాయి. అనంతపురం వాళ్లకు రెండో దారి ఉంది: కర్ణాటకలో మురుడేశ్వర్ ఎదురుగా ఉన్న నేత్రాణి ద్వీపం. వానాకాలంలో అక్కడ డైవింగ్ ఉండదు. లక్షద్వీప్‌కు పర్మిట్ కావాలి, ఆ పని నెలల ముందే మొదలుపెట్టాలి.

ఒక్కరోజు 'డిస్కవర్' డైవ్‌లో ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పట్టుకుని తిప్పుతాడు. నీటి రుచి తెలుస్తుంది, అంతే. జీవుల్ని నిజంగా చూడాలంటే మూడు నాలుగు రోజుల ఓపెన్ వాటర్ కోర్సు చేయండి. పాతిక వేలకు పైనే అవుతుంది. దాంతో 18 మీటర్ల దాకా దిగొచ్చు. తర్వాతి అడ్వాన్స్‌డ్ కోర్సు 30 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ లాంటి లోతు చోట్లకు అది కావాలి. ఆక్టోపస్ కోసమైతే అంత లోతు అక్కర్లేదు.

డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఒక గైడ్‌కు ఎంతమంది? పడవలో ఆక్సిజన్ ఉందా? దగ్గరి రీకంప్రెషన్ చాంబర్ (డైవ్ తర్వాత ఒంట్లో గాలి బుడగలు చేరితే చికిత్స చేసే గది) ఎక్కడ? నేను వెళ్లిన ఒక చోట, పేరు అక్కర్లేదు, గైడ్ ఒక ఇనుప పుల్లతో ఆక్టోపస్‌ను బొరియలోంచి పొడిచి బయటికి రప్పించాడు, మేము ఫొటోలు తీసుకుంటామని. అది తెల్లబడిపోయి, సిరా చిమ్మి, రాళ్ల మధ్యకు ఈడ్చుకుంటూ పోయింది. ఆ ఫొటో నా దగ్గర ఉంది కానీ ఎవరికీ చూపించను. నాలుగో ప్రశ్నగా దీన్ని కూడా కలపండి: జీవుల్ని ముట్టుకుంటారా? నవ్వి "చూపిస్తాం సార్" అంటే ఇంకో చోటు వెతుక్కోండి.

ఇంకో చిన్న సంగతి. పరికరాలు చూపిస్తూ ఇన్‌స్ట్రక్టర్ "ఇదిగో నీ ఆక్టోపస్" అంటే కంగారు పడకండి. జోడీ డైవర్‌కు గాలి అయిపోతే ఇవ్వడానికి ఉంచిన, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెండో రెగ్యులేటర్‌ను డైవర్లు అలాగే పిలుస్తారు. పసుపు రంగు గొట్టంతో ఉంటుంది సాధారణంగా. అది ఎక్కడ వేలాడుతోందో కళ్లు మూసుకుని తడిమినా దొరకాలి.

4. కదలకుండా తేలడం

దీన్ని బాయన్సీ అంటారు. జాకెట్‌లో కాస్త గాలి, నడుముకు సరిపడా బరువు, మిగతాదంతా ఊపిరితోనే. పీలిస్తే అరడుగు లేస్తారు, వదిలితే అరడుగు దిగుతారు. ఇది పట్టుబడిందాకా కెమెరా తీసుకెళ్లకండి. నా మొదటి ఆక్టోపస్‌ను నేనే పోగొట్టుకున్నాను. గైడ్ వేలు చూపించగానే కాళ్లు టపటపా కొట్టాను. ఇసుక లేచింది, ఫిన్ (కాలికి తొడిగే రెక్క) తగిలి చిటికెన వేలంత పగడపు కొమ్మ విరిగింది. ఇసుక దిగేసరికి బొరియ ఖాళీ. ఆ కొమ్మ అంత పెరగడానికి ఏళ్లు పట్టి ఉంటుంది.

కాళ్లను పైకీ కిందికీ కొట్టకుండా కప్పలా పక్కలకు తోయడం నేర్చుకోండి. ఇసుక లేవదు. బావిలో కప్ప ఈత వచ్చినవాళ్లకు ఇది వారంలో వస్తుంది, ఇక్కడ మన బావి చదువు అక్కరకొస్తుంది.

5. ఆక్టోపస్‌ను కనిపెట్టడం

దాన్ని వెతకడం మొదలుపెడితే దొరకదు. అది రంగునే కాదు, చర్మం గరుకుదనాన్ని కూడా మార్చుకుంటుంది. రాయిలా ముడతలు తేల్చి, పాచిలా పీచు లేపి కూర్చుంటుంది. ఇంత చేసేదానికి రంగులు తెలియవు, కంట్లో ఒకే రకం వర్ణగ్రాహకం ఉంటుంది. అది ఎలా సాధ్యమో శాస్త్రవేత్తలు ఇంకా చర్చిస్తూనే ఉన్నారు.

కాబట్టి దాని చెత్తను వెతకండి. ఆక్టోపస్ తిన్న పీతల డొప్పలు, ఆల్చిప్పలు బొరియ ముందే పడేస్తుంది. ఒక రంధ్రం ముందు చిప్పలు కుప్పగా ఉండి, లోపలి వైపు ఇంకా మెరుస్తూ పాచి పట్టకుండా ఉంటే, ఇల్లుగలావిడ ఇంట్లోనే ఉందని అర్థం. కొన్ని బొరియలకు చిన్న రాళ్లు ఈడ్చి అడ్డం పెట్టుకుంటాయి, మన పల్లెల్లో దొడ్డికి ముళ్లకంప పెట్టినట్టు.

రెండో గుర్తు చేపలు. డే ఆక్టోపస్ వేటకు బయల్దేరితే గోట్‌ఫిష్, గ్రూపర్ లాంటివి వెంట నడుస్తాయి. ఆక్టోపస్ రాళ్ల సందుల్లో చేతులు పెట్టి తరిమితే బయటపడేవాటిని ఇవి పడతాయి. ఏదైనా చేప వంతు మించి పోతే ఆక్టోపస్ ఒక చేత్తో దాన్ని గుద్దుతుంది. ఎర్ర సముద్రంలో తీసిన ఈ గుద్దుల వీడియోలతో 2020లో పరిశోధన వ్యాసమే వచ్చింది. రెండు మూడు జాతుల చేపలు ఒకే రాయి చుట్టూ వంగి చూస్తున్నాయంటే మీరూ అక్కడే ఆగండి.

మూడో గుర్తు కన్ను. ఒళ్లంతా రాయైపోయినా కన్ను మారదు. పాప అడ్డంగా ఉంటుంది, అచ్చం మేక కన్నులా. మేకల మందల మధ్య పెరిగిన మనకు ఆ గీత వెంటనే తడుతుంది. నేను రెండో ఆక్టోపస్‌ను అలాగే కనిపెట్టాను. బూడిదరంగు రాయి మీద ఒక నల్లటి అడ్డగీత, దాని కింద మెల్లగా మూసుకుంటూ తెరుచుకుంటూ ఉన్న గొట్టం. అది ఊపిరి తీస్తోంది. నేనూ తీస్తున్నాను. అలా ఎంతసేపు చూసుకున్నామో చెప్పలేను కానీ గేజ్‌లో 40 బార్ (ట్యాంకులో గాలి ఒత్తిడి కొలత) గాలి తగ్గింది.

6. దగ్గరికి పోయాక

మూడు మీటర్ల దూరంలో ఆగండి. మాస్కు అద్దంలోంచి నీళ్లలో ఏదైనా పావు వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనపడుతుంది. "ఇంత లావు ఆక్టోపస్" అని పడవలో చేతులు చాపి చెప్పేవాళ్లంతా నిజమే చెబుతున్నారు, వాళ్లకు అలాగే కనిపించింది. మీకు రెండు మీటర్లనిపిస్తే దాదాపు మూడు ఉంటుంది.

దాని పైన నిలబడకండి, వేటాడే చేపలు పైనుంచే వస్తాయి. పక్కగా, దాని ఎత్తుకు దిగి, చేతులు ఛాతీకి ముడుచుకుని ఉండండి. ఆపైన రంగు చదవండి. చుట్టుపక్కల రాయి రంగులో ప్రశాంతంగా గాలి తీస్తుంటే మీరు సరైన దూరంలో ఉన్నారు. ఒక్కసారిగా ఒళ్లంతా తెల్లబడి, కళ్ల చుట్టూ నల్లబడి, చేతుల మధ్య పొర గొడుగులా చాపిందంటే భయపడింది. ముదురు గోధుమ రంగుకు తిరిగి నిటారుగా లేచిందంటే కోపం. రెండు సందర్భాల్లోనూ మెల్లగా వెనక్కి తగ్గండి. ఒక చేతి కొన మాత్రం మెలికలు తిరుగుతూ మీ వైపు వస్తే అది మిమ్మల్ని తెలుసుకోవాలనుకుంటోంది. దాని నాడీకణాల్లో ఎక్కువ భాగం చేతుల్లోనే ఉంటాయి, ముట్టుకోవడంతోనే రుచి కూడా తెలుసుకుంటుంది. అది ముట్టుకుంటే ముట్టుకోనివ్వండి. మీరు మాత్రం చేయి చాపకండి.

జపాన్‌కో కెనడాకో వెళ్లి జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్‌ను చూసే అదృష్టం కలిగితే ఒక్క విషయం. అది పట్టుకుంటే గుంజుకోకూడదు. గుంజితే పట్టు బిగుస్తుంది. ఒక చేత్తో మాస్కు, నోట్లోని రెగ్యులేటర్ కాపాడుకుంటూ, ఊపిరి తీస్తూ, రెండో చేత్తో బుడిపెలను ఒక్కొక్కటిగా ఊడదీయాలి. జోడీ డైవర్ పక్కనే ఉండాలి. కెమెరా కావాలంటే ఇచ్చేయండి. 2010లో న్యూజిలాండ్ వెల్లింగ్టన్ దగ్గర ఒక ఆక్టోపస్ వీడియో తీస్తున్న కెమెరాను లాక్కుని ఈదుకుంటూ పోయింది. డైవర్ వెంటపడి తన చేపల తుపాకీ ఇస్తే దానికి చుట్టుకుంది, అప్పుడు కెమెరా దక్కింది.

భయపడాల్సిన ఆక్టోపస్ చాలా చిన్నది. నీలి వలయాల ఆక్టోపస్ అరచేతిలో ఇమిడిపోతుంది. జపాన్ నుంచి ఆస్ట్రేలియా దాకా వెచ్చటి నీళ్లలో ఉంటుంది. చికాకు పడితే వలయాలు నీలంగా మెరుస్తాయి. కాటు నొప్పి కూడా పుట్టకపోవచ్చు, కానీ ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. విరుగుడు మందు లేదు. ఆసుపత్రి చేరేదాకా నోటితో ఊపిరి ఊదుతూనే ఉండాలి, అలా బతికినవాళ్లున్నారు. అందంగా ఉందని శంఖం ఎత్తడం కూడా ఇలాంటిదే. కోన్ స్నెయిల్ శంఖంలోంచి విషపు ముల్లు విసురుతుంది.

7. రాత్రి డైవ్, స్క్విడ్‌లు

కనీసం పది పగటి డైవ్‌లు అయ్యాక వెళ్లండి, ఇది నా లెక్క. హావ్‌లాక్‌లో లైట్‌హౌస్ అనే చోట ఎక్కువగా తీసుకెళ్తారు. పగలు లోతులో ఎరుపు రంగు ముందుగా మాయమై అంతా నీలంగా కనపడుతుంది. రాత్రి టార్చ్ పడితే అసలు రంగులు తేలతాయి. స్క్విడ్ ఒంటి మీద చుక్కలు వెడల్పవుతూ ముడుచుకుంటూ పోతుంటే, దీపావళి రోజు వాకిట్లో దీపాల వరస గాలికి ఊగినట్టుంటుంది.

రీఫ్ స్క్విడ్‌లు వరసలో నిలబడి మిమ్మల్నే చూస్తాయి. ఎదురు వెళ్తే అంతే దూరం వెనక్కి జరుగుతాయి. ఆగితే వాటంతట అవే దగ్గరికొస్తాయి. టార్చ్‌ను కళ్లలోకి కొట్టకండి, వెలుగు అంచు మాత్రమే తగలనివ్వండి. మీరు ఒక చిన్న ఆక్టోపస్ మీద వెలుగు నిలిపితే లయన్‌ఫిష్ లాంటివి ఆ వెలుగులోనే దాన్ని మింగేస్తాయి.

8. మిగతా వేటగాళ్లు

మోరే ఈల్ నోరు తెరుస్తూ మూస్తూ ఉండేది కరవడానికి కాదు, ఊపిరికి. బొరియలో చేయి పెడితే మాత్రం కరుస్తుంది, దాని గొంతులో రెండో దవడ ఉంది. బారాకుడా దగ్గర మెరిసే గొలుసులు వద్దు. ప్రొద్దుటూరు బంగారం ఇంట్లోనే పెట్టి రండి.

రెచ్చగొట్టకుండానే సొరచేప మనుషుల్ని కరిచే ఘటనలు ప్రపంచమంతా కలిపి ఏడాదికి వందలోపే, అందులో డైవర్లవి తక్కువ. వీపు గూనిగా వంచి, పక్క రెక్కలు కిందికి దించి బిర్రుగా ఈదుతుంటే అది పొమ్మంటోంది. దాని వైపే చూస్తూ వెనక్కి జరగండి.

నిజంగా మీ మీద పడే చేప టైటాన్ ట్రిగ్గర్‌ఫిష్. గూడు కాపలా కాస్తున్నప్పుడు దాని హద్దు పైకి వెడల్పయ్యే గరాటు ఆకారంలో ఉంటుంది. పైకి లేస్తే ఇంకా దాని ఇలాకాలోనే ఉంటారు. ఫిన్‌లు దాని వైపు పెట్టి పక్కకు ఈదండి.

రాయి చేప, లయన్‌ఫిష్ ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో (45 డిగ్రీలు మించకుండా) అరగంటకు పైగా ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి. అండమాన్‌లో మడ అడవుల పక్క, వాగులు కలిసే చోట ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. 2010లో హావ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి బారిన పడి చనిపోయింది. హెచ్చరిక బోర్డు ఉన్న చోట మోకాలి లోతు కూడా వద్దు.

9. పైకి, ఆ తర్వాత ఇంటికి

ఏ జీవి ఎదురుగా ఉన్నా గాలి 50 బార్‌కు చేరేసరికి పడవ దగ్గర ఉండాలి. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా లేవండి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగండి. వరసగా డైవ్‌లు చేశాక 18 గంటల దాకా విమానం ఎక్కకూడదు, ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవాలి. అండమాన్‌లో ఇది అందరూ చెబుతారు.

నేత్రాణి నుంచి వచ్చే మనవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మురుడేశ్వర్ సముద్రమట్టంలో ఉంది, ఇంటికి రావాలంటే పడమటి కనుమలు ఎక్కాలి. హుబ్బళ్లి 600 మీటర్లకు పైన, బెంగళూరు 900 మీటర్ల ఎత్తున. ఒంటికి కొండ ఎక్కడమూ, విమానం ఎక్కడమూ ఒకటే లెక్క. మధ్యాహ్నం డైవ్ ముగించుకుని సాయంత్రం కారెక్కి, తెల్లారేసరికి గుంతకల్లులో ఉండాలనుకోకండి. ఆ రాత్రి మురుడేశ్వర్‌లోనే పడుకోండి. లాగ్ పుస్తకంలో లోతు, గాలి, ఏ రాయి దగ్గర ఏం చూశారో రాసుకోండి. మరుసటి రోజు మధ్యాహ్నం భోంచేసి బయల్దేరండి.